రాత్రి ఉండొద్దంటే మనకెందుకంత కోపం?

పోయిన సెమ్ ఆఖరి ఎగ్జామ్ అయిపోయిన రాత్రి మా వింగ్‌లో రూప్‌కుండ్ ట్రెక్ ప్లాన్ వేశాం. పదముగ్గురం. వాట్సాప్ గ్రూప్ పెట్టాం, ఖర్చులకి షీట్ తయారు చేశాం, ఒకడైతే షూస్ కూడా ఆర్డర్ పెట్టేశాడు. మర్నాడు పొద్దున బుకింగ్ కోసం చూస్తే ఆ ట్రెక్ లేదు. మూసేశారు. ఎందుకని చదివితే, 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు అక్కడి పచ్చిక బయళ్లలో రాత్రి బస చెయ్యొద్దని తీర్పు ఇచ్చిందట.

"గడ్డి కోసం కోర్టుకెళ్లారా?" అన్నాడు మా రూమ్మేట్.

అందరం నవ్వాం, నేనూ నవ్వాను. మనకి గడ్డి అంటే తిట్టే కదా. "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా" అని ఒక్కసారైనా వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఎవరైనా ఉన్నారా? మంచి ముక్క చెప్పి బుద్ధి చెబితే దాన్నీ "గడ్డి పెట్టడం" అనే అంటాం. పచ్చిక మేసే నేలకి మా నాన్నమ్మ వాడే మాట బీడు. ఆ మాట వింటే మనకి పచ్చదనం గుర్తుకు రాదు, ఎందుకూ పనికిరాని పొలం గుర్తొస్తుంది.

ఆ తర్వాత సెలవుల్లో ఇంట్లో పనీపాటా లేక ఆ కొండ గురించి చదవడం మొదలుపెట్టాను. ముందే చెప్పేస్తున్నా, నేను త్రిశూల్‌ని చూడలేదు. ఫొటోల్లో చూశానంతే. అయినా చదివాక నా అభిప్రాయం మారింది. మా గ్రూప్‌లో చాలామందిది మారలేదు. అందుకే ఇది రాస్తున్నా.

త్రిశూల్ ఉత్తరాఖండ్‌లో నందాదేవికి నైరుతి దిక్కున ఉంటుంది. మూడు శిఖరాలు శివుడి త్రిశూలంలా పక్కపక్కనే నిలబడతాయి కాబట్టి ఆ పేరు. పెద్దది 7,120 మీటర్లు. దాని పడమటి వైపు కిందకి వస్తే బేదినీ బుగ్యాల్, ఆలీ బుగ్యాల్ అనే పచ్చిక బయళ్లు ఉన్నాయి. బుగ్యాల్ అంటే గఢ్వాల్ వాళ్ల మాటలో చెట్లు ఆగిపోయే ఎత్తుకి పైన, మంచు మొదలయ్యే ఎత్తుకి కింద పరుచుకునే గడ్డినేల. బేదినీ దాదాపు 3,350 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ చిన్న కుండం ఉంది, గాలి లేని పొద్దున త్రిశూల్ అందులో తలకిందులుగా కనిపిస్తుంది. మనం ఇన్‌స్టాలో చూసి లైక్ కొట్టిన ఫొటో అదే.

ఈ కొండకి ఎక్కుడు చరిత్రలో పెద్ద పేరుంది. మనిషి ఎక్కిన మొదటి ఏడువేల మీటర్ల శిఖరం ఇదేనని చెబుతారు. ఎక్కిన తేదీ 1907 జూన్ 12. టామ్ లాంగ్‌స్టాఫ్ అనే బ్రిటిష్ డాక్టరు, ఇటలీ ఆల్ప్స్ నుంచి వచ్చిన అలెక్సిస్, ఆన్రీ బ్రోషెరెల్ అనే అన్నదమ్ములు, కర్బీర్ బురాథోకి అనే గూర్ఖా సైనికుడు. మొత్తం నలుగురు.

ఇందులో నాకు నచ్చిన విషయం, వాళ్లు అసలు రావాలనుకున్నది త్రిశూల్‌కి కాదు. లండన్‌లోని ఆల్పైన్ క్లబ్‌కి యాభై ఏళ్లు నిండుతున్నాయని ఎవరెస్ట్‌కి వెళ్దామనుకున్నారు. టిబెట్ రాజకీయాల వల్ల బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. సరే అని గఢ్వాల్‌కి వచ్చారు. అంటే వెబ్ ఆప్షన్స్‌లో మొదటిది ఎవరెస్ట్, సీటు రాలేదు, కిందున్న ఆప్షన్ దొరికింది. ఈ కాలేజీలో సగం మందికి ఈ కథ వేరే వివరించక్కర్లేదు.

వాళ్లు ఎక్కిన పద్ధతి చూడండి. మొదటిసారి పైదాకా క్యాంపులు మోసుకెళ్లాలని చూశారు. ఆరువేల మీటర్లు దాటాక గాలివానలాంటి మంచు గాలికి రెండు రాత్రులు గుడారాల్లోనే ఇరుక్కుపోయి, వెనక్కి దిగిపోయారు. అప్పుడు లాంగ్‌స్టాఫ్ లెక్క మార్చాడు. అంత ఎత్తులో ఎన్ని రాత్రులు ఉంటే అంత నీరసపడిపోతాం, కాబట్టి అక్కడ అసలు పడుకోవద్దు అనుకున్నాడు. దాదాపు 5,300 మీటర్ల దగ్గరున్న క్యాంపు నుంచి తెల్లారగట్ల బయల్దేరి, ఒక్కరోజులో 1,800 మీటర్లు ఎక్కి శిఖరం ముట్టుకుని, అదే రోజు ఇంకా కిందకి దిగిపోయారు. పైన రాత్రి బస లేదు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నూట పదేళ్ల తర్వాత కోర్టు మనకి చెప్పింది కూడా అదేగా, పైన పడుకోవద్దు అని. కారణాలు వేరనుకోండి.

కర్బీర్ గురించి ఒక్క మాట. ఆయన బరువులు మోసుకుని వెనకాల నడిచిన మనిషి కాదు. 1892లో మార్టిన్ కాన్వేతో కారకోరం వెళ్లాడు, 1894లో అదే కాన్వేతో ఆల్ప్స్ పర్వతాలు ఈ చివర నుంచి ఆ చివరకి దాటాడు. ఆ నలుగురిలో ఆయనది ఏమీ తక్కువ అనుభవం కాదు. కానీ ఎక్కడ చూసినా "లాంగ్‌స్టాఫ్ ఎక్కాడు" అనే ఉంటుంది, మిగతా ముగ్గురూ "మరియు"లో కలిసిపోతారు. ఆ రికార్డు కూడా తమాషాగా పోయింది. 1911లో అలెగ్జాండర్ కెల్లాస్ సిక్కింలో పౌహున్రి ఎక్కాడు. అది 7,128 మీటర్లు. ఎనిమిది మీటర్లు ఎక్కువ, అంటే మన అకడమిక్ బ్లాక్‌లో రెండు ఫ్లోర్లు. ఆ ఎత్తు సరిగ్గా తేలేటప్పటికి చాలా ఏళ్లు పట్టింది కాబట్టి, రికార్డు పోయిన సంగతి అప్పట్లో ఎవరికీ తెలీదు.

మనవాళ్ల కథ కూడా ఇక్కడే ఉంది. 1951లో డెహ్రాడూన్‌లోని డూన్ స్కూల్ టీచరు గురుదయాళ్ సింగ్ త్రిశూల్ ఎక్కి, శిఖరం మీద శీర్షాసనం వేశారు. స్వతంత్రం వచ్చాక భారతీయుల పర్వతారోహణ మొదలైంది అక్కడే అని చాలామంది అంటారు. ఆ శీర్షాసనం నాకు భలే నచ్చింది. జెండా పాతడం కంటే బాగుంది.

అలాగని ఇది సులువైన కొండేం కాదు. 2021 అక్టోబరులో నౌకాదళం వాళ్ల బృందం శిఖరం దగ్గర మంచు చరియల్లో చిక్కుకుంది. అందరూ తిరిగి రాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లాంగ్‌స్టాఫ్ ఎక్కిన దారి ఋషిగంగ లోయ గుండా, నందాదేవి అభయారణ్యం వైపు నుంచి. ఆ దారి ఇవాళ లేదు. కొండ విరిగిపడి కాదు, ప్రభుత్వం మూసేసింది. 1974లో ఆ ప్రాంతాన్ని విదేశీ ఆరోహకులకి తెరిచారు. కొన్నేళ్లలోనే జనం పెరిగారు, చెత్త పెరిగింది, వంటచెరుకు కోసం చెట్లు పోయాయి. 1982లో నేషనల్ పార్క్ చేసి లోపలికి రాకపోకలు ఆపేశారు. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అప్పటి నుంచి త్రిశూల్ ఎక్కేవాళ్లు పడమటి వైపు నుంచి, అంటే ఈ బుగ్యాల్ల వైపు నుంచి వెళ్తున్నారు. ఒక తలుపు మూస్తే బరువంతా రెండో తలుపు మీద పడింది.

ఆ మూసివేతలో మనం సాధారణంగా వినని భాగం ఒకటుంది. ఆ పార్క్ అంచునే రేణి అనే ఊరుంది. 1974లో గౌరాదేవి, ఆమెతోపాటు ఊరి ఆడవాళ్లు చెట్లని కావలించుకుని కాంట్రాక్టరు మనుషుల్ని వెనక్కి పంపిన ఊరు అదే. చిప్కో గురించి మన స్కూల్ పుస్తకాల్లో ఒక పేరా, ఒక ఫొటో ఉండేది, ఒక మార్కు ప్రశ్న కూడా వచ్చేది. ఆ ఒక మార్కు తర్వాత ఏమైందో పుస్తకంలో లేదు. అడవిని కాపాడిన ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే ఎనిమిదేళ్ల తర్వాత అడవి తలుపులు మూసుకుపోయాయి. గొర్రెల మేత పోయింది, మూలికలు పోయాయి, ఎక్కేవాళ్ల సామాన్లు మోస్తే వచ్చే కూలి పోయింది. 1998లో పక్కనున్న లాతా ఊరివాళ్లు "ఝపటో ఛీనో" అని ఉద్యమం చేసి పార్క్‌లోకి నడుచుకుంటూ వెళ్లారు. మా హక్కులు మేమే లాక్కుంటాం అని దాని అర్థం.

అందుకని 2018 తీర్పు గురించి మొదట చదివినప్పుడు, ఇదీ అలాంటిదేనేమో, ఎక్కడో ఏసీ రూమ్‌లో కూర్చుని మూసేశారేమో అనుకున్నా. మా గ్రూప్‌లో కూడా ముఖ్యమైన వాదన ఇదే. "లోకల్ వాళ్ల పొట్ట కొట్టారు రా" అని. నిజానికి మాలో చాలామందికి బాధ లోకల్ వాళ్ల గురించి కాదు, ట్రెక్ పోయినందుకే. ఆ బాధకి లోకల్ వాళ్ల పేరు పెట్టుకుంటే కాస్త గౌరవంగా ఉంటుందంతే.

కేసు వేసింది ఎవరో చూస్తే కథ మారిపోయింది. పిటిషన్ వేసిన సంస్థ పేరు ఆలీ బేదినీ బాగ్జీ బుగ్యాల్ సంరక్షణ సమితి. ఆ ప్రాంతం వాళ్లే. ఆ గడ్డి పాడైపోతోందని, పక్కా కట్టడాలు వస్తున్నాయని వాళ్లే కోర్టుకెళ్లారు. కోర్టు ఏం చెప్పిందంటే, బుగ్యాల్లలో రాత్రి బస వద్దు, వచ్చేవాళ్ల సంఖ్య రెండొందలు దాటకూడదు, పక్కా కట్టడాలు తీసెయ్యాలి, వ్యాపారం కోసం బయటి నుంచి మందలు తెచ్చి మేపడం ఆపాలి, స్థానిక కాపరులు మాత్రం మేపుకోవచ్చు. 1982కీ దీనికీ ఉన్న తేడా నాకు ఆ చివరి మాటలోనే కనిపించింది. ఊరివాళ్ల గొర్రెలకి తలుపు తెరిచే ఉంది. మూసింది మన టెంట్లకి.

టెంట్ వేస్తే గడ్డికి ఏమవుతుంది, మళ్లీ మొలవదా అని మా రూమ్మేట్ అడిగాడు. మన హాస్టల్ గ్రౌండ్‌లో అయితే ఒక్క వానకి మొలుస్తుంది. అక్కడ కాదు. ఏడాదిలో సగం మంచు కింద ఉండే నేల అది. గడ్డి పెరగడానికి దొరికేది మే, జూన్ నుంచి సెప్టెంబరు వరకే. సరిగ్గా ఆ నెలల్లోనే మనం వెళ్తాం. టెంట్ కింద వెలుతురు అందక గడ్డి పసుపురంగుకి తిరిగి చస్తుంది, నీళ్లు పక్కకి పోవాలని టెంట్ చుట్టూ కాలవ తవ్వుతారు, కంచరగాడిదలు ఒకే దారిలో రోజూ నడుస్తాయి. గడ్డి వేర్లు పట్టుకుని ఉన్న మట్టి పలచటి పొర. అది ఒక్కచోట తెగిందంటే వానా, కరిగే మంచూ అక్కడ నుంచి కోసుకుంటూ పోతాయి. ముందు గీత, తర్వాత గాడి, తర్వాత వాగు. ఉత్తరకాశీ దగ్గర దయారా బుగ్యాల్‌లో ఇలా తెగిన నేలని పట్టి ఉంచడానికి అటవీశాఖ వాళ్లు కొబ్బరిపీచు చాపలు పరవాల్సి వచ్చింది. నేలకి కట్టు కట్టడం అన్నమాట.

రూప్‌కుండ్ సంగతి ఇంకా బాధాకరం. బేదినీ నుంచి ఇంకా పైకి, 5,000 మీటర్ల పైన, త్రిశూల్ పాదాల దగ్గరున్న చిన్న సరస్సు అది. చుట్టూ వందలమంది మనుషుల ఎముకలు. 1942లో ఒక ఫారెస్ట్ రేంజర్ చూశాక బయటి ప్రపంచానికి తెలిసింది. ఎప్పుడో వడగళ్ల వానకి ఒక యాత్రికుల గుంపు మొత్తం పోయిందని చాలాకాలం అనుకున్నారు. ఆ ఎముకల డీఎన్‌ఏ పని మొదలైంది మన హైదరాబాద్‌లోనే, హబ్సిగూడ దగ్గరున్న సీసీఎంబీలో. లాల్జీ సింగ్, తంగరాజ్ మొదలుపెట్టిన ఆ పని చివరికి పెద్ద అంతర్జాతీయ బృందంతో 2019లో పేపర్‌గా వచ్చింది. ఆ బస్టాప్ ముందు నుంచి నేను ఇంటర్ రెండేళ్లూ వెళ్లాను, లోపల ఇలాంటి పని జరుగుతోందని తెలీదు.

వాళ్లు 38 మంది డీఎన్‌ఏ చదివారు. 23 మంది ఉపఖండం వాళ్లే, దాదాపు క్రీ.శ. 800 ప్రాంతంలో చనిపోయారు, అది కూడా అందరూ ఒకేసారి కాదు. 14 మంది మాత్రం మధ్యధరా సముద్రం తూర్పు వైపువాళ్లు, ఇవాళ్టి గ్రీసు, క్రీట్ జనానికి దగ్గరివాళ్లు. వాళ్లు చనిపోయింది సుమారు 1800లో. మధ్యలో వెయ్యేళ్ల తేడా. గ్రీసు వైపు మనుషులు ఆ సరస్సు దగ్గరకి ఎందుకు వచ్చారో ఎవరికీ తెలీదు.

తెలుసుకునే అవకాశం కూడా తగ్గిపోతోంది, ఎందుకంటే ఏ ఎముక ఎక్కడ పడి ఉందో అలా లేదు. కొంత కొండచరియల పని. కొంత మన పని. వెళ్లినవాళ్లు ఎముకలు కదిపారు, పుర్రెలు వరసగా పేర్చి ఫొటోలు తీసుకున్నారు, కొందరు గుర్తుగా ఉంటుందని బ్యాగులో వేసుకుని తెచ్చుకున్నారు. మనిషి ఎముకని! గుర్తుగా! మా డేటాబేస్ సార్ ఎప్పుడూ ఒక మాట అంటారు, డేటా పోతే బ్యాకప్ ఉందా అని అడగండి, తర్వాత ఏడవండి అని. రూప్‌కుండ్‌కి బ్యాకప్ లేదు.

ఇంతా చెప్పి, ఈ తీర్పులో ఇబ్బందేం లేదని అంటే అబద్ధమవుతుంది. బేదినీకి దగ్గరున్న ఊరు వాన్. అక్కడివాళ్లకి గైడ్ పని, వంట పని, కంచరగాడిదల బాడుగ, అన్నీ ట్రెక్ సీజన్ మీదే నడిచేవి. తీర్పు వచ్చాక ట్రెక్ కంపెనీలు వేరే కొండల పేర్లతో కొత్త ప్యాకేజీలు పెట్టుకున్నాయి. కంపెనీకి కొండ మారాలంటే వెబ్‌సైట్‌లో ఒక పేజీ మారిస్తే చాలు. వాన్‌కి పక్కన ఉన్నది ఒక్కటే కొండ. గడ్డిని కాపాడమని ఆదేశం ఇవ్వడం ఎంత అవసరమో, దానివల్ల పోయిన కూలి ఎక్కడ నుంచి రావాలో రాయడం కూడా అంతే అవసరం. రెండో పని ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. రేణి, లాతా ఊళ్లలో ఆగింది కూడా అక్కడే.

కాబట్టి నేను అనేది ఒకటే. నిషేధం ఎత్తెయ్యమని అడగొద్దు, మనం ఊళ్లో ఉందాం. తీర్పు ఆపింది రాత్రి బసని, పగటి నడకని కాదు. వాన్ దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నుంచి బేదినీకి పది పన్నెండు కిలోమీటర్లు, ఎక్కాల్సింది వెయ్యి మీటర్ల లోపే. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి చేరి, కుండంలో త్రిశూల్‌ని చూసుకుని చీకటి పడేలోగా దిగొచ్చు. కష్టమే, కాళ్లు పీకేస్తాయి. కానీ ఏడువేల మీటర్ల మీద లాంగ్‌స్టాఫ్, కర్బీర్ వాళ్లు దీనికి రెట్టింపు ఎక్కి దిగారు, అప్పటి బూట్లతో. మూడు రాత్రులు వాన్‌లో ఎవరి ఇంట్లోనో ఉండి, వాళ్లు వండింది తిని, ఆ ఊరి మనిషినే గైడ్‌గా పెట్టుకుంటే మన డబ్బు కంపెనీ ఖాతాకి కాకుండా ఊళ్లోకే పోతుంది.

రూప్‌కుండ్ మాత్రం ఒక్కరోజులో అయ్యే పని కాదు. దాన్ని వదిలెయ్యాల్సిందే. షూస్ కొన్నవాడు దీనికి ఇంకా ఒప్పుకోవట్లేదు. "జీవితంలో ఒక్కసారి చూడాలిరా" అంటాడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. నాకూ చూడాలనే ఉంది. కానీ ఆ చుట్టుపక్కల జనం అక్కడికి ఎలా వెళ్తారో చూడండి. పన్నెండేళ్లకోసారి నందాదేవి రాజ్‌జాత్ జరుగుతుంది. నౌటీ ఊరి నుంచి దాదాపు 280 కిలోమీటర్లు, మూడు వారాల పాటు, అమ్మవారిని అత్తారింటికి సాగనంపుతున్నట్టు పాడుకుంటూ నడుస్తారు. బేదినీ మీదుగా, రూప్‌కుండ్ పక్కనుంచి హోమ్‌కుండ్ దాకా. ముందు నాలుగు కొమ్ముల పొట్టేలు నడుస్తుంది. హోమ్‌కుండ్‌లో మనుషులందరూ ఆగిపోతారు. పొట్టేలు ఒక్కటే అమ్మవారి సామాన్లు మోసుకుని త్రిశూల్ వైపు మంచులోకి వెళ్లిపోతుంది. ఆ రోజుల్లో ఆ గడ్డి మీద వేలమంది ఉంటారు, దానివల్లా నష్టం ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడను. కానీ పన్నెండేళ్లకోసారికీ, ప్రతి వీకెండ్ బ్యాచ్‌కీ తేడా లేదంటే ఒప్పుకోలేను.

నిన్న రాత్రి గ్రూప్‌లో పోల్ పెట్టాను. వాన్‌లో మూడు రాత్రులు, బేదినీకి ఒక పగలు అని ఒకటి. మనాలి అని రెండోది. మనాలికి ఏడు, వాన్‌కి ఐదు. షూస్ కొన్నవాడు ఇంకా ఓటెయ్యలేదు.